ఎవరి యింటి యెదుట వారు

వేదపాఠము: నెహెమ్యా 3వ అధ్యాయము, 5:14–16, 6:15



గడచిన ఆగస్టు 15వ తేదీన మా ఊరి పాఠశాలలో జెండా ఎగురవేసిన పిమ్మట పిల్లలందరు మిఠాయి నోట వేసికొని ఇండ్లకు పరుగెత్తిరి. మా సండేస్కూలుకు వచ్చు చిన్నవాడొకడు మాత్రము తన మిఠాయి విప్పకుండ చేతిలోనే పట్టుకొని నా యొద్దకు వచ్చి నిలువబడెను. ఏమిరా అని అడిగితిని.

"అయ్యగారూ, మనం ఈ దేశమోళ్ళం కాదంట గదా? మన దేవుడు తెల్లోళ్ళ దేవుడంట. అందుకని మనకి దేశభక్తి ఉండదంట. మా క్లాసులో ఒకడన్నాడు."

నాకు కోపము వచ్చినది. ఆ కోపములోనే వానిని కాలువగట్టు మీదికి తీసికొనిపోయి, "ఈ బకింగ్‌హాం కాలువ ఎవరు తవ్వినారనుకుంటివి?" అని మొదలుపెట్టితిని. 1876 మొదలు 1878 వరకు మహా కరువు వచ్చి మన్నెము, మెట్ట, సముద్రతీరమంతయు ఆకలితో అల్లాడినప్పుడు, కరువుపనిగా ఈ కాలువ తవ్వించిరి. అప్పటి నెల్లూరు జిల్లాలోనే యుండిన ఒంగోలులో పనిచేయుచున్న జాన్ క్లౌ దొరగారు మూడున్నర మైళ్ళ కాలువపనిని తాము ఒప్పుకొని, దిక్కులేని జనమునకు గడ్డపార, తట్ట చేతికిచ్చి కూలి ఇప్పించిరి. కూలికొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకూడదని, ఆ కరువుపని జరుగుచున్నంత కాలము ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. పని ముగిసి, కూలి ఆగిపోయిన తరువాత, 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. "ఆ తట్టలు మోసింది మన ముత్తాతల నెత్తులేరా. ఈ మట్టిలో మన చెమట లేదని ఎవడంటాడు?" అని ముగించితిని.

వాడు ఓపికగా విని, కాలువ వైపు చూచి, "అది వాళ్ళు గదా అయ్యగారూ. మరి మనమేం జేశాం?" అనెను.

నేను జవాబు చెప్పలేదు. ఆ దినమున చెప్పలేనిదానిని ఇప్పుడు ఈ పాఠముగా వ్రాయుచున్నాను. పెద్దలు కూడ చదువవలెనని మనవి, ఏలయనగా వాని ప్రశ్న పెద్దలకే తగులును.

నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయమును మనలో అనేకులు దాటిపోవుదురు. సెమినరీలో చదువుకొను దినములలో నేనును దాటిపోయినవాడనే. అంతయు పేర్లు, గుమ్మములు, గడియలు, అడ్డగడియలు. ప్రసంగమునకు పనికివచ్చు మాట ఒక్కటియు లేదని తోచును. అయితే మెల్లగా, వ్రేలుపెట్టి చదువుడి. కాలిపోయి కూలిపోయిన యెరూషలేము ప్రాకారమును తిరిగి కట్టిన వారి హాజరుపట్టీ అది. యాజకులు మొదట లేచిరి. తరువాత కంసాలులు, పరిమళద్రవ్యములు చేయువారు, వర్తకులు, చుట్టుపట్ల గ్రామములవారు. వీరిలో తాపీపని నేర్చినవారు ఎందరు? బంగారము కరిగించు చేతులు ఆ దినములలో రాళ్ళు మోసినవి.

ఆ పట్టీలో ఒక మాట మరల మరల వచ్చును. ఫలానివాడు తన యింటికి ఎదురుగా ఉన్న భాగమును బాగుచేసెను. వాని ప్రక్కవాడు తన యింటికి ఎదురుగా ఉన్న భాగమును బాగుచేసెను. మెషుల్లాము అను ఒకనికి ఇల్లు కూడ ఉన్నట్లు లేదు, ఒక గది మాత్రమే. అతడు ఆ గది యెదుటి గోడను కట్టెను. నెహెమ్యా వారికి దేశమును గూర్చి గొప్ప ఉపన్యాసములు చేసినట్లు అక్కడ వ్రాయబడలేదు. రాత్రివేళ కొందరిని మాత్రమే వెంటబెట్టుకొని తిరిగి ఎక్కడెక్కడ గోడ పడిపోయినదో చూచెను. పిమ్మట ఎవరి యింటి యెదుట వారిని నిలువబెట్టెను. ఏబది రెండు దినములలో పని ముగిసినది.

పని చేయనివారి సంగతియు ఆ పట్టీలో దాచబడలేదు. తెకోవ గ్రామస్థులు వచ్చి కట్టిరి గాని వారి పెద్దమనుష్యులు మాత్రము పనికి మెడ వంచలేదని వ్రాయబడియున్నది. ఇరువది నాలుగు వందల సంవత్సరములు దాటినను ఆ మాట చెరిగిపోలేదు. ఆ పెద్దమనుష్యులు యెరూషలేమును ప్రేమించుచున్నామని చెప్పుకొనలేదని అనుకొందుమా? తప్పక చెప్పుకొనియుందురు. సామాన్యులైన తెకోవీయులైతే తమ భాగము ముగించి, రెండవ భాగము కూడ కట్టిరి. మల్కీయా అను ఒక అధికారికి పెంట గుమ్మము వంతు వచ్చినది. ఊరి కసవంతయు బయటికి పోవు ద్వారమది. అతడు దానినే కట్టి తలుపులు నిలిపెను. ఈ సంగతి మా పంచాయతీవారికి చదివి వినిపింపవలెనని నాకు ఎప్పటినుండియో కోరిక.

దేశభక్తి అనగా నాకు ఈ అధ్యాయములో కనబడుచున్నది ఇదే: నా యింటి యెదుట పడిపోయిన గోడను నా ఖర్చుతో నేను నిలువబెట్టుట. దేశము అను మాట పెద్దది. దానిని ఎవడును కౌగిలించుకొనలేడు. దేశములో నాకు చేతికందు భాగము నా ఎదుటి వీధియే. ఆ వీధిలోనివారిని ద్వేషించుచు దేశమును ప్రేమించుచున్నానని చెప్పువాడు, యోహాను వ్రాసినట్లు, కనబడు సహోదరుని ప్రేమింపక కనబడని దేవుని ప్రేమించుచున్నానని చెప్పువానివంటివాడు.

మన జిల్లాకు ఎవరి పేరున్నదో పిల్లలకు కూడ తెలియును. ఆంధ్ర రాష్ట్రము కొరకు 1952 అక్టోబరు 19 మొదలు డిసెంబరు 15 వరకు 58 దినములు మద్రాసులో నిరాహారదీక్ష చేసి ప్రాణము విడిచిన పొట్టి శ్రీరాములుగారి పేరు. ఈ సంగతి అందరును చెప్పుకొందురు. అంతకు ముందటి సంగతి మన పేటలవారికి ముఖ్యముగా తెలియవలెను. 1946లో ఆయన నెల్లూరు మూలాపేటలోని వేణుగోపాలస్వామి ఆలయములోనికి హరిజనులను రానియ్యవలెనని ఉపవాసముండిరి. తరువాత కూడ హరిజనోద్ధరణను గూర్చిన మాటలు అట్టల మీద వ్రాసికొని, వాటిని ఒంటికి తగిలించుకొని, చెప్పులులేక, గొడుగులేక, నెల్లూరు ఎండలో వీధులవెంట నడిచెడివారు. నెల్లూరు ఎండ ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. చూచినవారిలో కొందరు ఆయనకు మతి చలించినదనుకొనిరి. ఆయన మొదట రైల్వేలో ఉద్యోగము చేసినవారు. ఆ మాటలు తన మేలుకొరకు వ్రాసికొనవలసిన అవసరము లేనివారు. ఆ గుడి మనము పోవు గుడి కాకపోవచ్చును. అయినను ఆ గుమ్మము వెలుపల నిలువబెట్టబడినవారు మన తాతల అన్నదమ్ములే గదా.

ఆయన మరణవార్త వినగానే తెలుగునాట అనేక చోట్ల జనము రైళ్ళను, స్టేషనులను ధ్వంసము చేసిరి. కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. వారి దుఃఖమును నేను తక్కువ చేయను. ఆ అలజడి తరువాతనే, డిసెంబరు 19న, ప్రభుత్వము దిగివచ్చి రాష్ట్రమిచ్చుటకు ఒప్పుకొన్నదని చరిత్ర తెలిసినవారు నాతో వాదించుదురు, వాదింపవచ్చును. నేను చెప్పునది ఇంతే: ఏబది ఎనిమిది దినములు ఆయన ఆకలి తన దేహమునే కాల్చెను, మరి ఎవని సొత్తును కాల్చలేదు. ఇతరుల సొమ్ముతో చేయు దేశభక్తికిని, తన సొమ్ముతో చేయుదానికిని గల భేదము అక్కడ ఉన్నది.

ఇక స్త్రీల సంగతి. మరల నెహెమ్యా పట్టీకి రండి. 12వ వచనములో హల్లోహేషు కుమారుడైన షల్లూము అను అధికారి కనబడును. అతడును అతని కుమార్తెలును గోడ బాగుచేసిరట. ఆ కుమార్తెల పేర్లు వ్రాయబడలేదు. వారు రాళ్ళు మోసిరన్న సంగతి మాత్రము నిలిచినది.

1991 ప్రాంతమున మన జిల్లాలో అక్షరదీపము అను పేర రాత్రి బడులు జరిగినవి. పగలంతా నాట్లు వేసి, కలుపు తీసిన తల్లులు లాంతరు వెలుగున పలక పట్టిరి. ఆ పాఠములలో ఒక ఊరి స్త్రీలు సారా కొట్టు మూయించిన కథ ఉండెను. కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు ఆ కథ విని, చదివి, ఆ పని మనమెందుకు చేయకూడదని లేచిరి. వారిలో ముందు నిలిచినది వర్ధినేని రోశమ్మగారు. తమ ఊరిలో సారా అమ్మనియ్యమని వారు అడ్డుపడిరి. ఆ మాట ఊరినుండి ఊరికి పాకినది. 1992లో సారా వేలముపాటలను జరుగనియ్యక వేలాది స్త్రీలు నెల్లూరు వరకు వచ్చి కూర్చుండిరి. సారా మీద ప్రభుత్వమునకు వచ్చు రాబడి చిన్నది కాదు. పాటదారుల బలము అంతకంటె చిన్నది కాదు. అయినను 1993 ఏప్రిలు 15న మన జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది.

నేను ఈ మాటలు పుస్తకము చూచి మాత్రమే వ్రాయుటలేదు. అప్పటికి నాకు పదేండ్లుండును. మా నాయన కూలిడబ్బులు ఇంటికి చేరకముందే సగము సారా ప్యాకెట్లకు పోయెడివి. మా అమ్మ రెండు పూటలు మా పేట స్త్రీలతో కొట్టు ఎదుట కూర్చుండి వచ్చినది. ఇంటికి వచ్చి దెబ్బలు తిన్నది; మరునాడు మరల పోయినది. దేశభక్తి అను మాట ఆమె నోట నేను ఎన్నడును వినలేదు. గాని ఆ సంవత్సరపు క్రిస్మసుకు మా యింట మొదటిసారి నలుగురు పిల్లలకును క్రొత్త బట్టలు వచ్చినవి.

మద్యనిషేధము 1997లో సడలింపబడినది. రోశమ్మగారు 2016లో కన్నుమూసిరి. నేడు మన రోడ్ల ప్రక్క దుకాణములు ఉన్నవి, వాటి ఎదుట మన సంఘస్థులును ఉన్నారు. ఎవరెవరో నాకు తెలియును, వారికిని నాకు తెలియునని తెలియును. అట్లయిన ఆ స్త్రీల పని వ్యర్థమైనదా? సారా మీది నిషేధము మాత్రము 1997లో ఎత్తివేయబడలేదు. మరియొకటి: ప్రాకారము ఒకసారి కట్టినంత మాత్రమున ఎప్పటికిని నిలువదు. తరువాతి తరమువారు తమ యింటి యెదుటి రాయి ఊడినప్పుడు చూచియు ఊరకుండిన, అది మొదట కట్టినవారి తప్పు కాదు.

మన పాలెములకు వచ్చెదము. ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు, అరువది యొక్క దినములు, మరబోట్లకు వేట విరామము. చేప గ్రుడ్లు పెట్టు కాలము గనుక సముద్రమును విడిచిపెట్టుమని చట్టము. పొరుగు తీరముల పెద్ద బోట్లు వచ్చి మన వలలు చింపి, మన చేపను ఊడ్చుకొని పోవుచున్నవని మనము గగ్గోలు పెట్టుదుము. అది న్యాయమైన మొరయే. అయితే విరామకాలమున చీకటిలో ఇంజను వేసికొనిపోవు మన బోటు సంగతి ఏమి? గ్రుడ్డుచేపను సైతము విడువని సన్నకన్ను వల సంగతి ఏమి? చూచువారు లేనప్పుడు కడుపు చేపను నీటిలో విడుచువాడు నా దృష్టిలో జెండా మోయువాని కంటె ముందు నడుచుచున్నాడు. రొయ్యలగుంటలు గల సహోదరులకు ఒక మాట: మీ గుంట కడిగిన నీరు క్రిందివాని పంటకాలువలోనికి పోవుచున్నది. ఆ క్రిందివాడు మన సంఘస్థుడు కాకపోయినను దానికి దేవుని యెదుట లెక్క యున్నది. దీనిని ఇంతకంటె వివరింపనక్కరలేదు.

వివరింపవలసినది ఓటు సంగతి. ఇందులో నేను మీకు బోధించుటకు ముందు నా తప్పు ఒప్పుకొనవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట, ఎన్నికల దినములలో, పోటీలో ఉన్న ఒకరి మనుష్యులు మా మందిరమునకు వచ్చిరి. మందిరము చుట్టు ప్రహరీగోడ కట్టించెదమనిరి. అప్పటికి మేకలు, గొడ్లు లోపలికి వచ్చి మొక్కలు మేయుచుండెను. గోడ మాకు నిజముగా అవసరమే. బదులుగా వారు అడిగినది చిన్నది: ఆదివారమున ఒక మంచిమాట. సంఘపెద్దలు సంతోషించిరి. నేను ఆ మంచిమాట చెప్పలేదు, కాని వద్దనియు చెప్పలేదు. మౌనముగా నుండుట జ్ఞానమని నాకు నేను చెప్పుకొంటిని. మరునాడే ఇటుకలు దిగినవి. ఆ ఇటుకలను చూచి సంఘము ఏమి అర్థము చేసికొనవలెనో అది చేసికొనెను.

ఆ వారములోనే ఇంటింటికి కవరులు పంచిరి. మా సంఘములో రొయ్యపొట్టు, ఎండుచేపలు తట్టలో పెట్టుకొని ఊరూర అమ్ముకొను ఒక విధవరాలు కలదు. ఆమె తన కవరును తీసికొని తిన్నగా నా యొద్దకు వచ్చినది.

"దీన్ని వాళ్ళకిచ్చెయ్యండి అయ్యగారూ. నేనిస్తే తీసుకోరు, అలిగిందనుకుంటారు."

"ఏమమ్మా, అందరూ తీసుకుంటున్నారు గదా?" అంటిని. కాపరి నోటినుండి వచ్చిన మాట అది! ఇప్పుడు వ్రాయుచుండగా సిగ్గగుచున్నది.

"పోయినసారి నేనూ తీసుకున్నా. తర్వాత మా ఈది బోరింగు చెడిపోతే అడగబోయినా. 'నీకియ్యాల్సింది ఎప్పుడో ఇచ్చేశాం గదమ్మా, ఇంకేందీ?' అన్నాడు. నోరు మూసుకోని వచ్చేసినా. ఆ ఎండాకాలమంతా మైలు దూరం నించి మోసినా నీళ్ళు. ఈసారి నాకు అడిగే నోరు గావాల అయ్యగారూ."

నేను చదివిన వేదాంతమంతయు ఆ తట్ట ముందు తక్కువైపోయినది. ఓటు అమ్మరాదని ఎన్ని ప్రసంగములు విన్నాను! అన్నియు అది పాపమని చెప్పును. అమ్మినవాడు అడుగు హక్కును కూడ అమ్మివేసినాడని ఆమె చెప్పువరకు నాకు తట్టలేదు. ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండ కొట్టి, చెరలో వేసి, తెల్లవారి రహస్యముగా వెళ్ళిపొమ్మన్నప్పుడు ఆయన కదలలేదు. తాను రోమీయుడననియు, అధికారులే స్వయముగా వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవలెననియు పట్టుబట్టెను. అడుగుట గర్వము కాదు. గ్రామసభలో లేచి బోరింగును గూర్చి, రేషనుబియ్యపు తూకమును గూర్చి, బడికి రాని పంతులును గూర్చి మర్యాదగా అడుగుట పౌరుని పని. నెహెమ్యా పండ్రెండు సంవత్సరములు అధికారిగా నుండి, అధికారికి రావలసిన భత్యమును ప్రజలమీద వేయక మానెనని 5వ అధ్యాయము చెప్పుచున్నది. అట్టి అధికారిని మనము కోరవచ్చును. గాని కవరు పుచ్చుకొనిన చేతితో కోరలేము.

నేను ఆ కవరును తిరిగి ఇచ్చివేసితిని. ఇటుకలను తిరిగి ఇచ్చుటకు మాత్రము నాకు ధైర్యము చాలలేదు. ఎన్నికలైనవి, ఫలితము వారికి అనుకూలముగా రాలేదు, తాపీవారు మరల రాలేదు. మందిరమునకు తూర్పునను ఉత్తరమునను నడుము ఎత్తు గోడ లేచి ఆగిపోయినది. ప్రతి ఆదివారము నేను దాని ప్రక్కగా నడిచి లోపలికి పోవుచుంటిని. దానిని గూర్చి సంఘములో ఎన్నడును మాటలాడలేదు.

గడచిన నెలలో, ఈ పాఠము సిద్ధపరచుచు, సంఘపెద్దలను పిలిచి ఈ సంగతి వారియెదుట ఒప్పుకొంటిని. అందరును మెచ్చుకొనలేదు. "అయిపోయిన దానిని ఇప్పుడు తవ్వడమెందుకు అయ్యగారూ" అని ఒక పెద్ద అనెను. మరియొకరు లేచి వెళ్ళిపోయిరి. చివరకు, అప్పుడు వచ్చిన ఇటుకల వెల లెక్కగట్టి, ఆ సొమ్ము మా పేట బోరింగుల మరమ్మతుకు వేయవలెననియు, మిగిలిన గోడను సంఘమే కట్టుకొనవలెననియు నిర్ణయమైనది. ఎవరికి ఎంత భాగమో పట్టీ వ్రాయుచున్నాము. దక్షిణపు మూల, మురుగు నిలుచు చోటు, ఎవరును కోరుకొనలేదు గనుక నా పేర వ్రాసికొంటిని.

ఆ చిన్నవాడు ఆ పట్టీ చూచుటకు వచ్చెను. తన యింటికి ఎదురుగా గోడ లేదే, మరి తానేమి కట్టవలెనని అడిగెను. మీ యింటి ఎదుట ఏమున్నదిరా అంటిని. బోరింగు ఉన్నదనియు, దాని చుట్టు గుంటపడి నీరు నిలిచి దోమలు పుట్టుచున్నవనియు చెప్పెను. ఆ బోరింగు నీళ్ళు ఇంకెవరు పట్టుకొందురని అడిగితిని.

"అన్నాడే, ఆ పిల్లోడు. వాళ్ళిల్లు గూడా ఆడ్నే అయ్యగారూ."

నా యింటిలో రెండు పారలున్నవి. రెండును తీసికొనిపొమ్మని ఇచ్చితిని.